మొదటి వరుసలో విషం

గురువారం, సెప్టెంబరు 12. ఉదయం 8:40.

జిల్లా ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్ గదిలో ఎలీన్ సాండెల్ పడుకుని ఉంది. వయసు ముప్పై నాలుగు. చిన్నపిల్లల బడిలో టీచరు. కళ్ళు పసుపెక్కాయి. కాలేయం పనిచేయడం మానేస్తోంది.

అద్దం బయట ఇన్‌స్పెక్టర్ రాగ్నా ఎకెలిన్ నిలబడి ఉంది. ఆమె చేతిలో ఎలీన్ ఫోను.

సోమవారం సాయంత్రం 5:12కి ఎలీన్ ఫోనులో ఒక ప్రశ్న వెతికింది. 'అడవిలో తెల్ల పుట్టగొడుగు తినవచ్చా?' 5:13కి మొదట వచ్చిన పేజీ తెరిచింది. 5:16కి మూసింది. ఆరు గంటలకు వెన్నలో వేయించుకుని తిన్నది.

మూడు నిమిషాల్లో బేరం ముగిసింది. తూకంలో పెట్టింది ప్రాణం.

"మంగళవారం వాంతులు," అన్నాడు డాక్టరు. "బుధవారం తగ్గిందనుకుని ఇల్లు కూడా తుడిచిందట. ఈ విషం చేసే మోసమే అది. తేలికపడ్డట్టు ఉంటుంది. లోపల కాలేయం కరిగిపోతుంటుంది."

"బతుకుతుందా?"

"రేపు అడగండి. కానీ నా భయం ఈమె ఒక్కదాని గురించే కాదు. మూడు వారాల ఎండ తర్వాత వాన పడింది. ఎల్లుండి శనివారం. జిల్లా అంతా పుట్టగొడుగుల కోసం బుట్టలు పట్టుకుని అడవిలోనే ఉంటుంది."

రాగ్నా ఎలీన్ ఫోను జేబులో పెట్టుకుంది. తన ఫోనులో అదే ప్రశ్న వెతికింది. అదే పేజీ మొదట వచ్చింది.

ఆర్వికా ఊళ్లో అందరికీ తెలిసిన పేజీ అది కాదు. పుట్టగొడుగుల సలహాదారు సీవ్ ఆల్మ్‌క్విస్ట్ రాసిన పేజీ వేరే ఉంది. పద్దెనిమిదేళ్లుగా మొదట వచ్చేది అదే. రాగ్నా రెండో వరుస చూసింది. మూడోది. పదోది. యాభయ్యోది.

సీవ్ పేజీ ఎక్కడా లేదు.

*

9:35. సీవ్ వంటింట్లో కాఫీ చల్లారిపోతోంది. యాలకుల బన్నులు ఎవరూ ముట్టలేదు.

సీవ్‌కు అరవై ఏడేళ్లు. పక్కన ఆమె సైటు పనులు చూసే యెస్పెర్ రుండ్‌క్విస్ట్ కూర్చున్నాడు. కిటికీ దగ్గర ఒక బుట్ట. దాని పిడికి ఎర్ర రిబ్బను, పైన గుడ్డ.

"అదేమిటి?" అంది రాగ్నా.

"అనుమానం బుట్ట. రెండు జతల కళ్ళు చూసి సరే అనేదాకా దాని మీద గుడ్డ తీయను. నేను కోసుకొచ్చినవైనా సరే."

"మీ సైటు ఎప్పటి నుంచి కనిపించడం లేదు?"

"నాకు నిన్నే తెలిసింది. నేను రోజూ తెరుస్తూనే ఉన్నాను కదా! బ్రహ్మాండంగా తెరుచుకుంటోంది. నిన్న మా చెల్లెలు ఫోన్ చేసి, ఏంటి సీవ్, దుకాణం మూసేశావా అంది."

"ఎవరి పని?"

"ఇంకెవరిది? కొన్నీ బ్రాట్‌బెర్గ్‌ది! పుట్టగొడుగుల కత్తులు అమ్ముతాడు. ప్రకటనలకు డబ్బు కట్టాడు, పైకి ఎక్కాడు, నన్ను తొక్కేశాడు."

"కాదు సీవ్," అన్నాడు యెస్పెర్. "చెడ్డ లింకులు. డబ్బివ్వకపోతే సైటును ముంచేస్తామని మార్చిలో బెదిరింపు మెయిల్ వచ్చింది. ఎనిమిది వేల చెత్త సైట్ల నుంచి మనకు లింకులు పెట్టారు. మన సైటుకు విషం ఎక్కింది."

"మార్చిలో మీ స్థానం?"

"మొదటిది."

"జూన్‌లో? ఆగస్టులో?"

"మొదటిదే."

"ఆరు నెలలు ఎక్కని విషం ఇప్పుడు ఎక్కిందా యెస్పెర్? అలాంటి లింకుల్ని సెర్చ్ ఇంజన్లు చాలావరకు లెక్కలోకే తీసుకోవు. ఆ మెయిల్ పంపినవాడు మీ భయాన్ని అమ్ముకుందామనుకున్నాడు."

యెస్పెర్ మొహం ఎర్రబడింది. "అయితే నాదే తప్పు. ఆగస్టులో రాతలు సరిచేశాను. పైకి రావాలంటే 'పుట్టగొడుగు' అన్న మాట ప్రతి పేజీలో పద్నాలుగు సార్లు ఉండాలంటారు. నేను ఆరుకు తగ్గించాను."

"ఎవరంటారు?"

"అందరూ."

"ఆ అందరిలో ఒక్కరి పేరు చెప్పండి."

అతను లాప్‌టాప్ తెరిచాడు.

రాగ్నా తండ్రి ఊరి కూడలిలో ముప్పై ఏళ్లు బెర్రీలు అమ్మాడు. గిరాకీ తగ్గితే ఆయన అడిగే ప్రశ్న ఒకటే. జనం పక్క కొట్టుకు పోతున్నారా? లేక మన కొట్టే వాళ్ళకు కనబడటం లేదా? రెంటికీ మందు ఒకటి కాదు.

ఆమె సీవ్ సైటు పూర్తి పేరు కొట్టి వెతికింది. లేదు. సీవ్ రాసిన ఒక వాక్యం యథాతథంగా కొట్టింది. లేదు.

చివరికి ఒక్క పేజీ తగిలింది. 'పుట్టగొడుగులతో ఉన్నికి రంగు వేయడం.'

"ఇది ఎప్పుడు రాశారు?"

"పదకొండేళ్లయింది. దాన్ని ఎవరూ చూడరు. నేనే మళ్ళీ చూడలేదు."

"మిగతావాటిలో ఏది ఏ రోజు పోయింది?"

యెస్పెర్ లాప్‌టాప్ తిప్పాడు. మొదటి పేజీ సెప్టెంబరు 3న. తినదగినవాటి జాబితా 4న. తెల్ల పుట్టగొడుగుల పేజీ 6న.

రాగ్నా తేదీలు రాసుకుంది. వాటి కింద ఉన్ని పేజీ పేరు రాసి రెండు గీతలు గీసింది.

*

10:30. కొన్నీ బ్రాట్‌బెర్గ్ దుకాణం. గోడ నిండా కత్తులు, ఎండబెట్టే పెట్టెలు.

"ఏంటి రాగ్నా, పోలీసులకు కూడా పుట్టగొడుగుల మీద మోజు పుట్టిందా? కత్తి చూపించనా?"

"మీ ప్రకటనల లెక్క చూపించండి."

"జూన్‌లోనే ఆపేశాను. చూసుకోండి. కట్టిన రోజుల్లో కూడా 'ప్రకటన' అని ముద్ర వేసి విడిగా పెట్టేవాళ్ళు. మామూలు వరుసలో సీవే మొదట, నేను రెండు. ఆరేళ్లుగా ఇదే నా బతుకు. ఏళ్ల నాటి సైటు పేరు కొంటే పైకి వస్తామని ఎవరో అంటే అదీ కొన్నాను. ఒక్క మెట్టు ఎక్కలేదు."

"మరి ఇప్పుడు మొదట ఎలా వచ్చారు?"

"పై మెట్టు మీదామె దిగిపోయింది. నేను చేసిందేం లేదు."

"మీ పేజీలో రాతలు సీవ్‌వే."

కొన్నీ నవ్వు తగ్గింది. "కొంచెం... చిన్నవి చేశాను."

"కాడను మొదలంటా తవ్వి తీయండి, మొదలు దగ్గర సంచిలాంటి తొడుగు ఉంటే విషపుది, పారేయండి అని ఆమె రాసింది. మీ పేజీలో ఆ మాట లేదు. 'మట్టి పైన కత్తితో కోయండి' అని ఉంది. మట్టి పైన కోస్తే ఆ సంచి ఎక్కడ ఉంటుంది కొన్నీ?"

అతను గోడమీది కత్తుల వంక చూశాడు. "మట్టిలో."

రాగ్నా ఎలీన్ ఫొటో బల్ల మీద పెట్టింది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. 10:55. ఆసుపత్రి నుంచి. రెండో కేసు. డెబ్భై ఒక్క ఏళ్ల పెద్దాయన. అదే పేజీ చూశాడు.

కొన్నీ విన్నాడు. కంప్యూటర్ మీదికి వంగాడు. "తీసేస్తున్నాను. ఇప్పుడే తీసేస్తున్నాను."

"ఆగండి!" రాగ్నా అతని చెయ్యి పట్టుకుంది. "మీది తీసేస్తే మూడో వరుసలో ఏముందో మనకు తెలియదు. జనం మీ గుమ్మం ముందు ఉన్నారు. బోర్డు అక్కడే పెట్టండి. మీ రాత చెరిపేసి సీవ్ రాసిన హెచ్చరిక పెట్టండి, పూర్తిగా. పైన విష సమాచార కేంద్రం నంబరు. ఎర్ర అక్షరాల్లో."

11:08కి పేజీ మారింది. కొన్నీ కూర్చుండిపోయాడు.

*

మధ్యాహ్నం 1:10. సీవ్ వంటింట్లో సీవ్, యెస్పెర్, కొన్నీ ముగ్గురూ ఉన్నారు. కొన్నీ సీవ్ కళ్ళలోకి చూడలేకపోతున్నాడు.

రాగ్నా నిలబడే మాట్లాడింది.

"వరుసలో కిందికి పడటం వేరు. సెర్చ్ ఇంజన్ జాబితాలోంచే పోవడం వేరు. మీరందరూ పడిపోయిందనుకుని తోసినవాడి కోసం వెతికారు. సీవ్ సైటు పడలేదు. తన సొంత పేరుతో వెతికినా రాలేదంటే అది జాబితాలోనే లేదు."

"ఎవరు తీసేశారు?" అంది సీవ్.

"పోయిన వరుస చూడండి. ముందు మొదటి పేజీ. తర్వాత తినదగినవాటి జాబితా. తర్వాత తెల్ల పుట్టగొడుగులు. ఇంకా పోనిది ఉన్ని పేజీ. సెర్చ్ ఇంజన్ యంత్రం జనం ఎక్కువ చూసే పేజీలకు తరచుగా వస్తుంది. ఎవరూ చూడని పేజీకి ఎప్పుడో గానీ రాదు. అది వచ్చి చూసిన పేజీ చూసినట్టే పోయింది. ఉన్ని పేజీకి అది ఇంకా రాలేదు. అంటే ప్రతి గుమ్మం మీదా ఆ యంత్రానికి ఏదో రాసిపెట్టి ఉంది. మనిషికి కనిపించదు. యంత్రం చదువుతుంది."

ఆమె లాప్‌టాప్ తిప్పింది. పేజీ వెనక కోడ్‌లో ఒక్క పంక్తి. దాని అర్థం: ఈ పేజీని జాబితాలో చేర్చవద్దు.

యెస్పెర్ కుర్చీలోంచి లేచాడు. "నేను పెట్టలేదు! ఒట్టు!"

"మీరు పెట్టలేదు. సైటు సెట్టింగుల్లో ఒక గడి ఉంది. 'సెర్చ్ ఇంజన్లకు చూపవద్దు.' అది టిక్ చేసింది సెప్టెంబరు 2, సోమవారం, ఉదయం 7:52కి. మార్పుల లాగ్‌లో పేరు ఉంది."

రాగ్నా కిటికీ వైపు చూసింది.

"సీవ్, ఆ రోజు మీరు కొత్త పేజీలు పెట్టారు కదా?"

"పన్నెండు," అంది సీవ్. "ఫొటోలు ఇంకా రెండో మనిషి చూడలేదు. ఎవరికైనా కనిపిస్తే ప్రమాదం అనుకున్నాను. ఆ గడి చూసి... కొత్తవాటికే అనుకున్నాను."

"అది బుట్ట మొత్తానికి."

సీవ్ ఎర్ర రిబ్బను వైపు చూసింది.

"నలభై ఏళ్లు," అంది. "ఒక్కరికి కూడా ఏమీ కాకూడదని నలభై ఏళ్లు గుడ్డ కప్పాను."

1:26కి యెస్పెర్ ఆ టిక్ తీసేశాడు. మళ్ళీ వచ్చి చూడమని సెర్చ్ ఇంజన్‌కు అభ్యర్థన పంపాడు.

"ఎప్పటికి వస్తుంది?" అంది సీవ్.

"అడిగామని వెంటనే రాదు," అంది రాగ్నా. "గంటలు పట్టొచ్చు. వారాలు పట్టొచ్చు. ఏ రోజని ఎవరూ హామీ ఇవ్వరు. శనివారానికి వస్తుందని నేను లెక్కలో వేసుకోను."

సీవ్ లేచి కోటు తీసుకుంది. "అయితే దారిలో నేనే నిలబడతాను."

*

శనివారం ఉదయం 9:20. అడవి అంచున కార్లు ఆపే చోటు. సన్నగా వాన.

సీవ్ మడత బల్ల వేసుకుని కూర్చుంది. పక్కన కొన్నీ ప్రతి కారు దగ్గరికీ పరుగెత్తి బుట్ట చూపించమని బతిమాలుతున్నాడు. ఇవతల రాగ్నా మాటిమాటికీ ఫోను చూస్తోంది. సీవ్ మొదటి పేజీ తిరిగి వచ్చింది. తెల్ల పుట్టగొడుగుల పేజీ ఇంకా రాలేదు.

ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది. ఎలీన్ కాలేయం అంకెలు మొదటిసారి దిగాయి. పెద్దాయనవి ఇంకా పెరుగుతున్నాయి.

తెల్లవారగానే అడవిలోకి వెళ్ళిన ఒకతను తిరిగొచ్చాడు. కారులో భార్య, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. బుట్ట నిండా తెల్లటివి, అందమైనవి.

"కాడల మొదళ్ళు ఏవి?" అంది సీవ్.

"కోసేశాను. మట్టిలో ఉన్నాయి."

సీవ్ ఒకటి తిప్పి చూసింది. గొడుగు కింది రేకులు తెల్లగా ఉన్నాయి. తినదగినవాటికి ఉండే గులాబీ రంగు లేదు, గోధుమ రంగు లేదు. పాలంత తెలుపు.

ఆమె బుట్ట తన వైపు లాక్కుంది. రెండు చేతులూ దాని మీద పెట్టింది.

"ఇందులో ఒక్కటి చాలు. మీ నలుగురికీ."

అతను కారు వైపు చూశాడు. కాసేపటికి అతని భయం కోపంగా మారింది.

"మిమ్మల్ని గుర్తుపట్టాను. ఆ సైటు మీదే కదా? మా అమ్మ ఎప్పుడూ అదే చూసేది. వారం రోజులుగా వెతుకుతున్నాను. ఎక్కడా లేదు. దాన్ని ఎవరు దాచారు?"

యంత్రం పేరు చెప్పవచ్చు. గడి సంగతి చెప్పవచ్చు. రాగ్నా నోరు తెరవబోయింది.

"నేనే దాచాను," అంది సీవ్. "తర్వాతి బుట్ట ఎవరిది?"