పసుపు మలుపు దగ్గర ఎక్కిన మనిషి

నిర్మల్ దాటాక వచ్చే ఘాటు రోడ్డులో, పైనుంచి ఏడో మలుపుకు మంచి పేరు లేదు. ఆర్మూర్ లారీ డ్రైవర్లు దాన్ని పసుపు మలుపు అంటారు. ఎప్పుడో ఒక ముసలామె పసుపు బండితో సహా అక్కడి లోయలో పడిందట. అప్పటి నుంచి చీకటి పడితే చాలు... రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, వచ్చే పోయే బండ్లకు చెయ్యి ఊపుతుందట. ఆగినవాడు ఒక్కడూ బతికి బయటపడలేదట. మరి ఒక్కడూ బతకకపోతే ఈ సంగతి చెప్పిందెవరని అడిగితే డ్రైవర్లకు కోపం వస్తుంది. అడగకూడదు.

విరుగుడు కూడా వాళ్ళే కనిపెట్టారు. మలుపు రాగానే ఒక పసుపు కొమ్ము ఆ రాయికేసి విసరాలి. వెనక్కి చూడకుండా పోవాలి. చూశావో — వెనకే ఎక్కి కూర్చుంటుంది.

తొంభై ఒకటిలో, సీతాఫలాల కాలంలో, సీతాబాయి కొడుకు నాగేశ్వర్‌కు అక్కడ జరిగిన సంగతి ఇది. నాకు చెప్పింది వాడి దోస్తు హనుమాన్లు. హనుమాన్లు పది మాటల్లో నాలుగు అబద్ధాలాడతాడు గానీ, దీనికి మాత్రం సాక్షులున్నారు.

నాగేశ్వర్‌కు ఇరవై నాలుగేళ్ళు. పసుపు కొమ్మును విరిచి చూసి, అది ఎన్నాళ్ళ సరుకో చెప్పేస్తాడు. ఆర్మూర్ పసుపు మార్కెట్ యార్డులో వాడి మాటంటే పెద్దవాళ్ళకు కూడా గురి. కానీ రాత్రిపూట పెరట్లోకి ఒంటరిగా పోలేడు. బ్యాటరీ లైటు పట్టుకుని అమ్మ తోడు రావాలి. ఈ రహస్యం ఆ తల్లికీ కొడుక్కీ తప్ప మూడో మనిషికి తెలియదు.

అలాంటివాడికి కమిషన్ ఏజెంట్ నారాయణదాస్ కూతురు వసుమతి సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయిని చూసిన రోజు నుంచి వీడికి అన్నం సయించలేదు. నారాయణదాస్‌కు ఇష్టమే. అడ్డం తిరిగింది పిల్ల అన్న గంగారాం.

"మనిషి మరీ మెత్తగున్నడు నాయినా. రేపు ఇంట్ల దొంగ పడితే మా చెల్లెనే ముందుకు నూకుతడు" అన్నాడు. "ఆదివారం యార్డు బంద్. మోటరుసైకిళ్ళ మీద పొచ్చెర జలపాతం పోతున్నం. రాత్రికి ఘాటు మీదికెళ్ళి వస్తం. గాడెంత మొగోడో నేను చూసి చెప్త."

వద్దంటే పిల్ల దక్కదు. నాగేశ్వర్ సరేనన్నాడు. బయల్దేరేటప్పుడు సీతాబాయి వాడి జేబులో ఒక పసుపు కొమ్ము పెట్టింది.

"మలుపు కాడ పెట్టి రా బిడ్డా. మంచిదే ఇచ్చిన, పుచ్చుది గాదు."

ఐదు బండ్లు పోయాయి. జలపాతం చూశారు, తిన్నారు, తాగేవాళ్ళు తాగారు. ఘాటు పైకి వచ్చేసరికి కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. గంగారాం తన బుల్లెట్టు ఆపి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"మలుపు కాడ ఎవ్వడన్న ఆగిండో... గాడు మొగోడు గాదు."

చెప్పింది అందరికీ. చూసింది నాగేశ్వర్ వైపు.

నాలుగు బండ్లు దిగిపోయాయి. వాటి వెనక ఎర్ర లైట్లను ఒక్కొక్కటిగా మలుపులు మింగేశాయి. చివరి బండి నాగేశ్వర్‌ది, వెనక హనుమాన్లు. ఒకటి... రెండు... ఆరు మలుపులు దాటారు. ఏడోది వచ్చింది.

నాగేశ్వర్ బండి ఆపాడు. గంగారాం భయం కంటే దెయ్యం భయం పెద్దది.

"హన్మాన్లూ... జర దిగి కొమ్ము పెట్టి రా."

"నేనా? మీ అమ్మ నీకిచ్చింది గదా!"

"నేను దిగితే బండి బంద్ అయితది. జల్ది పో... నీ కాల్మొక్త."

హనుమాన్లు గొణుక్కుంటూ దిగాడు. కొమ్ము రాయి మీద పెట్టాడు. ఎలాగూ దిగాను కదా అని, ఇంకో పని కూడా చూసుకుందామని రాయి వెనక్కి, పొదల చాటుకు పోయాడు. ఈ రెండో పని సంగతి నాగేశ్వర్‌కు చెప్పలేదు. కొంప ముంచింది అదే.

నాగేశ్వర్ తల తిప్పలేదు. ముందు లైటు వెలుగులో రోడ్డుకేసి గుడ్లప్పగించి చూస్తున్నాడు. గాలి లేదు. కీచురాళ్ళు కూడా ఊరుకున్నాయి...

బండి వెనక భాగం మెల్లగా కిందికి దిగింది.

"ఎక్కినవా?"

"ఊఁ."

అంతే. గేరు వేశాడు.

ఒక మలుపు దాటాక ఊపిరి వచ్చింది. వీపుకు ఏదో గరుకుగా గుచ్చుకుంటోంది. అది హనుమాన్లు సంచీ కాబోలు అనుకున్నాడు నాగేశ్వర్. వెనక నుంచి సన్నగా గొణుగుడు వినిపిస్తోంది. పాపం, వీడు కూడా భయపడి ఆంజనేయుణ్ణి తలుచుకుంటున్నాడు అనుకున్నాడు. దాంతో మనసు కరిగి, దాచుకున్నదంతా బయటికి వచ్చేసింది.

"హన్మాన్లూ, నీకొక్కనికే చెప్తున్న. నాకు చీకటంటే పానం పోతది. ఇప్పటికి గూడ పెరట్లకు పోవాల్నంటే మా అమ్మ తోడు రావాలె. గా నారాయణదాస్ సేటు బిడ్డ వసుమతి లేదూ... గామె కోసమే వచ్చిన. గంగారాంకు తెలిసిందో, ఇగ పెండ్లి లేదు, ఏం లేదు. ఎవ్వనికి చెప్పనని ఒట్టెయ్యి."

"ఊఁ..."

అప్పుడే మెడ మీద చల్లగా, జిగటగా ఏదో పడింది. మెల్లగా వీపు మీదికి జారింది.

"హన్మాన్లూ... నా మెడ మీద ఏంది?"

ఈసారి గట్టిగా పిలిచాడు.

"హన్మాన్లూ!"

చెవి పక్కనే... గుసగుసగా... ఆడగొంతు.

"పండు, బిడ్డా."

ఆ తర్వాత మూడు మలుపులు బండి ఎలా దిగిందో బండికే తెలియాలి. వెనక్కి చూడకూడదన్నది ఒక్కటే గుర్తుంది. ఘాటు కింద చాయ్ హోటల్ దీపం కనిపించింది. బ్రేకు అనేది ఒకటుందని మర్చిపోయి, తిన్నగా మంచాల మధ్యకు వెళ్ళి, పడిపోయే ముందు ఆగాడు.

"ఎనక... నా ఎనక ఎవరున్నరు?" అని కళ్ళు మూసుకునే అరిచాడు.

గంగారాం చేతిలో చాయ్ గ్లాసు కింద పడింది. వెనక సీటు మీద, ఒళ్ళో గంపతో, ఒక ముసలామె కూర్చుని ఉంది!

"ఎందుకు గట్ల ఒర్లుతున్నరు?" అంది ఆమె దిగుతూ. "నేను ఆశమ్మను. గీ పక్క పల్లే మాది. సీతాఫలాలు తెంపుకొచ్చి గా రాయి మీద కూసుంట, బస్సు కోసం. చెయ్యి ఊపితె ఒక్కడు ఆగడు. నా మీదికే కొమ్ములు ఇసిరి ఉరుకుతరు. ఇరవై ఏండ్లాయె, ఇంట్లకు పసుపు కొన్నది లేదు. యేసయ్యను తలుసుకునేదాన్ని... దెయ్యమంటరేందయ్యా నన్ను!"

హోటల్ అంతా ఒక్క నవ్వు. నాగేశ్వర్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఘాటులో చెప్పుకున్నదంతా ఈమె విన్నది. నోరు విప్పితే వసుమతి చేజారినట్టే.

ఆశమ్మ నాగేశ్వర్‌ను చూసింది. గంగారాంను చూసింది.

"ఇన్నేండ్లల ఆగింది గీ పిలగాడొక్కడే. నేను రాయి దిగి, ఎనకాల రోడ్డవుతల కొమ్ము ఏరుకుంటుంటె వచ్చి ఆగిండు" అంది. గంపలో చెయ్యి పెట్టి ఒక పసుపు కొమ్ము తీసింది. "గా బుల్లెట్టాయన గూడ గీ కొమ్ము ఇసిరి పోయిండు."

అందరూ గంగారాంను చూశారు. గంగారాం ఆకాశంలో చుక్కలు చూశాడు.

నవ్వులు తగ్గాక ఎవరో అడిగారు. "అవునూ... హన్మాన్లు ఏడి?"

మలుపు దగ్గర దిగినవాడు మలుపు దగ్గరే ఉన్నాడు.

"ఏదన్న లారీ ఎక్కి గాడే వస్తడు తియ్యి" అన్నాడు గంగారాం, నేల చూపులు చూస్తూ. ఇంకెవరూ కదల్లేదు. ఆశమ్మ ఇక్కడ ఉంటే ఏం, చీకటి అక్కడే ఉంది కదా!

"గాడు నా కోసం దిగిండు" అన్నాడు నాగేశ్వర్. బండి తిప్పాడు. ఒక్కడే ఘాటు ఎక్కాడు.

ఏడ్చుకుంటూనే పోయాడు. నాకెలా తెలుసంటే, మోటరుసైకిల్ మీద ఏడ్చే దెయ్యం ఒకటి ఘాటు ఎక్కుతుంటే చూశామని లారీవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

ఏడో మలుపులో లైటు పడగానే రాయి వెనక నుంచి ఒక ఆకారం లేచింది. తల నుంచి కాళ్ళ దాకా పచ్చగా... రెండు చేతులూ చాపి... నాగేశ్వర్‌కు ఈసారి బ్రేకు గుర్తొచ్చింది. కానీ బండి తిప్పలేదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

"హ... హన్మాన్లూ?"

"నీ యవ్వ! నన్ను ఇడిసిపెట్టి పోతవురా!" అంది ఆకారం.

నాలుగు లారీలు పోయాయట. హనుమాన్లు చేతులూపినకొద్దీ కొమ్ములు విసిరారట. నాలుగో డ్రైవరు భయం ఎక్కువై, పసుపు పొట్లం విప్పి నెత్తినే కొట్టాడట. హనుమాన్లు రుమాలు విప్పి చూపించాడు. "చూడు, పావుకిల అయింది. అన్ని పుచ్చువే! దెయ్యమంటే గింత చులకనా వీళ్ళకు? మీ అమ్మ ఇచ్చిందొక్కటే మంచి సరుకు."

కిందికి వచ్చాక గంగారాం ఎదురొచ్చి, "చాయ్ తాగు బావా" అన్నాడు. మాఘమాసంలో పెళ్ళి అయిపోయింది.

పెళ్ళయిన నాలుగో రాత్రి నాగేశ్వర్‌కు పెరట్లోకి పోవాల్సి వచ్చింది. అమ్మను లేపడానికి సిగ్గు. భార్యకు తెలిస్తే తల ఎత్తుకోలేడు. బిగపట్టుకుని, దూలాలు లెక్కపెడుతూ పడుకున్నాడు.

పక్క నుంచి వసుమతి గొంతు వినిపించింది.

"పెరట్ల లైటు ఏసే ఉంచిన. పోయి రాండ్రి."

నాగేశ్వర్ దిగ్గున లేచాడు. "నీకు... ఎవరు చెప్పిండ్రు?"

"సీతాఫలాల ఆశమ్మ. గంపెత్తుకోని ఆర్మూర్ల మా ఇల్లు ఎతుక్కుంట వచ్చింది. లగ్నం పెట్టకముందే అంత చెప్పింది."

"అంత తెలిసే... ఒప్పుకున్నవా?"

"భయం లేనోడు ఎనకకు పోతె ఏమున్నది? మీరు గంత భయపడుకుంట గూడ దోస్తు కోసం పోయిండ్రు. గందుకే ఒప్పుకున్న."

నాగేశ్వర్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇక లోకంలో దేనికీ భయపడేది లేదనిపించింది. ఛాతీ విరుచుకుని నాలుగడుగులు వేశాడు. తలుపు గడియ తీశాడు. పెరట్లో లైటు వెలుగుతూనే ఉంది. దాని అవతల, బావి దగ్గర మాత్రం... కొంచెం చీకటిగా ఉంది.

"వసూ..." అన్నాడు మెల్లగా. "జర తలుపు కాడి దాక రారాదు?"

వసుమతి అప్పటికే లేచి నిలబడి ఉంది, చేతిలో బ్యాటరీ లైటుతో.