కోరిన చోటే కొట్టే తుపాకి

రెండువేల తొంభై నాటికి నల్లమల చుట్టూ కరెంటు కంచె ఉంది. లోపల మనుషులెవరూ లేరు. నలభై ఏళ్ళ కిందటే చెంచులను బయట కట్టిన మేడల్లోకి మార్చారు. అడవి కిటికీలోంచి కనిపిస్తుంది. అంతే.

ఆ ఉదయం గేటు ఇద్దరి కోసం తెరుచుకుంది. ముందు మండ్లి గురవయ్య. వయసులో ఉన్నప్పుడు ఈ అడవిలో వేటాడిన చెంచు. వెనక రెహానా, తుపాకుల ఇంజనీరు. మేడలో పుట్టి మేడలో పెరిగింది. మట్టి మీద నడవడం ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది. రోజూ బూట్లు జీపులో వదిలేసి వస్తుంది.

తుపాకి పొట్టిది. బుల్‌పప్ అంటారు. మామూలు తుపాకిలో తూటాల పెట్టె మీటకు ముందుంటుంది. ఇందులో మీటకు వెనక, చెంప ఆనే చోట ఉంటుంది. గొట్టం తగ్గదు, తుపాకి మాత్రం పొట్టిదవుతుంది. పొదలకు తగులుకోదు. పాతవాటిలో ఒక లోపం ఉండేది. మీట ముందు, పేల్చే యంత్రం వెనక, మధ్యలో పొడుగాటి కడ్డీ. ఎప్పుడు పేలుతుందో వేలికి తెలిసేది కాదు. గురి చెదిరేది. రెహానా ఆ కడ్డీ తీసేసి ఇచ్ఛాగురి పెట్టింది. అది అరచేతిలో నాడి చదువుతుంది. మనిషి ఎక్కడ కొట్టాలని కోరుతున్నాడో తెలుసుకుని, మీట నొక్కగానే గొట్టం కొసను అటు జరిపి పేలుతుంది. అడిగితే నోటితో జవాబూ చెబుతుంది.

తుపాకిని బురదలో ముంచారు. ఇసుక పోశారు. వానలో వదిలేశారు. ఒక్కసారీ మొరాయించలేదు. అట్టబొమ్మల మీద గురి తప్పలేదు. మిగిలింది వేట.

పంది పడితే పరీక్ష ముగుస్తుంది. తుపాకులు కంచె బయటి కావలివాళ్ళకిస్తారు. కంచె కింద దూరి జొన్నచేలలో పడే పందులను వాళ్ళు అక్కడే కొడతారు. ఇక లోపలికి ఎవరూ పోనక్కర్లేదు. గురవయ్య లోపలికొచ్చే పాసు రద్దవుతుంది.

కానీ పంది పడలేదు. కాల్చిన ప్రతిసారీ తూటా పోయి వాగు పక్కనున్న నల్లమద్ది చెట్టుకు తగిలింది. ఆ ఉదయమూ అంతే.

"తాతా, నిన్న అట్టపంది కంట్లో కొడితివి. నిజం పందికేమైంది?"

"అట్టది కదలదు గదమ్మా."

"ఇది మాత్రం కదిలిందా? నీళ్ళు తాగుతా, నువ్వెప్పుడు కొడతావా అని నిలబడె."

గురవయ్య కర్ర తీసుకుని నూలగడ్డలు తవ్వి కాల్చాడు. మొదటి ముక్క మద్దిచెట్టు మొదట్లో చెంచుల దేవత గారెలమైసమ్మకు పెట్టాడు. రెండోది రెహానాకిచ్చాడు.

"వేట పడితే అమ్మకు మాంసం పెట్టల్ల. పడేదాకా గడ్డలే," అన్నాడు. "మా ఇంటామె ఈడనే పెట్టేది. మా గుడిసె ఈ చెట్టు పక్కనే ఉండె."

రెహానా తినడం ఆపింది. తుపాకిని ఒళ్ళోకి తీసుకుంది.

"నీలో లోపముందా?"

"లేదు. కోరిన చోటే కొట్టాను," అంది తుపాకి.

గురవయ్య బెరడులో దిగిన తూటాలను వేలితో తడిమాడు.

"కావాలని తప్పలేదమ్మా. ఒట్టు. పందినే చూసినా."

"నాకు తెలుసులే తాతా. రేపు నేను ఫలితం చెప్పల్ల. నాకు ఈడ గుడిసె లేదు, ఏం లేదు. నేను కొడతా."

మధ్యాహ్నం పంది మళ్ళీ వాగుకు వచ్చింది. రెహానా ఊపిరి బిగబట్టింది. చెవి వెనక గురి పెట్టింది. పేల్చింది.

మద్దిచెట్టు బెరడు పెచ్చు ఎగిరింది. పంది పొదల్లోకి పోయింది.

గురవయ్య చాన్నాళ్ళకు నవ్వాడు.

"నీ గుడిసె యాడుండెనమ్మా?"

రెహానా తన పాదాలు చూసుకుంది. ఎర్రమట్టి గోళ్ళదాకా పట్టింది. తుపాకితో అంది.

"ఆఫీసుకు పంపు. గురి సరిగ్గా ఉంది. తుపాకిని పూర్తిగా నమ్మొచ్చు. పట్టుకునే మనిషి సంగతే తేలలేదు. ఇంకొన్నాళ్ళు పరీక్షించాలి."

"పంపాను," అంది తుపాకి.

గురవయ్య అప్పటికే గడ్డలు తవ్వే కర్ర తీసుకుని లేచాడు.