కన్నమ్మ మలుపు

సారపాక దాటి జామాయిల్ తోటల నడుమ మా ఊరికి వచ్చే దారిలో ఒక మలుపుంది. కన్నమ్మ మలుపు అంటరు. పొద్దుగూకినాక ఆ దారిన పోదాం పా అంటే, మా ఊరి మొనగాళ్లకు కూడా ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తది.

ఎందుకంటే అక్కడ కన్నమ్మ పిలుస్తది... కన్నమ్మ పోయి ఏడాదైంది మరి.

బతికున్నన్నాళ్లు ఆ మలుపు కాడి మక్కచేనులో అడవిపందుల్ని తిట్టీ తిట్టీ ఆమె గొంతు చుట్టుపక్కల ఊర్లన్నిటికీ ఎరికే. పోయినాక దినాలు చేసి చీరలు, చాప, దువ్వెన, పందుల్ని బెదిరించే మైకు — ఆమె చెయ్యి తగిలినవన్నీ మూటగట్టి, మొగుడు గోపాలు చేతనే గోదారిలో వదిలించిన్రు. పోయినోళ్ల వస్తువు ఇంట్లో ఉంటే ప్రాణం దాని చుట్టే తిరుగుతదని మా పెద్దల భయం. మూట మునగడం అందరూ చూసిన్రు.

అయినా సరే... చీకటి పడితే చేనులోంచి అదే గొంతు.

ఇగ ఆంథోని సంగతి చెప్పాలె. పేపర్ మిల్లులో కాంట్రాక్ట్ పని చేస్తడు. మనిషి బంగారమే గానీ, తన ధైర్యం గురించి తనే చెప్పుకోకపోతే అన్నం అరగదు. ఆయన బిడ్డ ఎస్తేరు ఆరో తరగతి. నాన్న దేనికీ భయపడడని ఆ పిల్ల బళ్లో అందరికీ చెప్పుకుంటది. ఆ మాట నిలబడాలని ఆంథోని పడే తిప్పలు ఆ దేవునికే తెలుసు.

నిర్మలాదేవి టీచర్ ఇచ్చిన దెయ్యం కథల పుస్తకం ఎస్తేరు రెండుసార్లు చదివింది. అందులో కథే బొమ్మల సినిమాగా వచ్చి భద్రాచలంలో ఆడుతుందని తెలిసి, చూపియ్యమని ప్రాణం తోడింది. ఆదివారం పగటి ఆటకు తల్లీ తండ్రీ బిడ్డా ముగ్గురూ బండి మీద పోయిన్రు.

సినిమాలో ఒక పాడుబడ్డ ఇల్లు, తలుపు వెనక ముసలమ్మ దెయ్యం. ఎవరు పోయినా "ఎవరది?" అని అడుగుతది, అంతే. హాల్లో పిల్లలు కేరింతలు. ఆంథోని భార్య తబిత కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని "ప్రభువా, ప్రభువా" అంటూనే, ఒక్క ముక్క పోకుండా మొత్తం చూసింది. ఆంథోని పకపకా నవ్విండు, కావల్సిన దానికంటే గట్టిగనే నవ్విండు. ముసలమ్మ తలుపు తీసినప్పుడు మాత్రం ఆయన చేతిలో పాప్‌కార్న్ ముందు కుర్చీలో కూసున్నాయన నెత్తి మీద పడ్డది. చెయ్యి జారిందన్నడు.

ఎస్తేరుకు మాత్రం ఒళ్లు మండింది. మిర్చిబజ్జీలు తిన్నంతసేపు, గోదారి బ్రిడ్జి పొడుగునా ఒకటే పోరు. పుస్తకంలో ఆ పిల్ల ఉరకదట. నిలబడి తన పేరు చెబుతదట. ముసలమ్మ అడిగేది ఆ జవాబు కోసమేనట. సినిమావాళ్లు ఆ ముక్క తీసేసి, అందర్నీ ఉరికించి కిందమీద పడేసిన్రని దాని ఏడుపు.

సారపాక దాటంగనే చీకటి పడ్డది. ఆంథోని చుట్టుదారి పట్టబోయిండు.

"అటెందుకు నాన్నా? నీకు భయం లేదు గదా. మలుపు మీంచి పోదాం."

తబిత వద్దన్నది. ఆమె వద్దంటదనే ఆంథోని ఆశ. కానీ బిడ్డ మొహం చూసినాక ఏమంటడు పాపం... హ్యాండిల్ తిప్పిండు.

మలుపు కాడ మొన్నటి వానలకు ఇసుక మేట వేసింది. దిగి బండిని తోసుకుంటూ పోవాల్సిందే. ఇంజిన్ ఆపినాక జామాయిల్ ఆకుల గలగల తప్ప ఇంకో చప్పుడు లేదు. గాలి... మళ్లా గాలి...

"ఎవర్రా అది?"

ఆంథోని కాళ్లు ఇసుకలో దిగబడ్డయి. తబితకు ప్రార్థన సగం కూడా గుర్తు రాలేదు.

"మళ్లా వచ్చిన్రా...? ఉండు... నీ పని చెప్త..."

కన్నమ్మ గొంతే! ఆ సాగదీత, ఆ గరగర, అంతా ఆమెదే. ఎస్తేరు నాన్న చొక్కా పట్టుకొని, "ఉరకొద్దు నాన్నా, పేరు చెప్పు" అని గుసగుసలాడింది. పేరు చెప్పడానికి ఆంథోని నోట్లో తడి ఉంటే గదా. వంగిండు, చేతికందిన రాయి తీసిండు, కండ్లు మూసుకొని గొంతు వచ్చిన దిక్కు విసిరిండు.

ఠక్ మన్నది. గొంతు మాట మధ్యలోనే ఆగిపోయింది.

కాసేపటికి... చేనులోంచి ఏడుపు. మగమనిషి ఏడుపు.

సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే మంచె కింద గోపాలు. ఒళ్లో నెర్రె పడ్డ మైకు. మాట ఒక్కసారి రికార్డు చేసి పెడితే తెల్లార్లూ అదే అరిచే మైకు అది, పందుల కోసం చేలల్లో పెట్టుకుంటరే, అది. కన్నమ్మ జరం పడకముందు తన తిట్లు తనే అందులో పెట్టింది. గోదారిలో వేసిన మూటలో గోపాలు దాని బదులు ఇటుక పెట్టిండట. ఊరికి తెలిస్తే దీన్ని కూడా నీళ్లపాలు చేస్తరని, దెయ్యమనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నడట.

"ఇంట్లో ఫొటో ఉంది, బిడ్డా. కానీ ఫొటో నన్ను తిట్టదు గదా" అన్నడు గోపాలు.

ఆంథోనికి తల కొట్టేసినట్టైంది. మైకు తీసుకున్నడు. ఊపిండు, బ్యాటరీ ఊడదీసి మళ్లా వేసిండు, అరచేత్తో తట్టిండు. మూగనోము. తబిత కండ్లు తుడుచుకున్నది.

గర్... గర్... "ఎవర్రా అది?"

ఎస్తేరు మోచేత్తో నాన్నను పొడిచింది.

"నేనే పెద్దమ్మా... ఆంథోనిని" అన్నడు. ఈసారి పేరు పూర్తిగా చెప్పిండు.

మర్నాడు మిల్లు గేటు కాడ ఆంథోని ఏం చెప్పిండో తెలుసా? కన్నమ్మ దెయ్యాన్ని కండ్లారా చూసిన, చెప్పులు వదిలేసి ఉరికిన, ఎవరూ అటు పోవద్దు అన్నడు. ఊరంతా పడీపడీ నవ్వింది. ఉరుకుడు ఆంథోని అని పేరు పెట్టింది. ఎన్నడూ ఒక్క మాట పడనోడు నవ్వుతూ పడ్డడు. బళ్లో ఎస్తేరు మాత్రం తల దించలేదు. నాన్న దేనికీ భయపడడనే ఇప్పటికీ చెబుతది.

మరి నీకెట్ల తెలుసంటరా? ఎస్తేరు కడుపులో మాట దాగదు. నా కడుపులో అసలే దాగదు. మీరన్నా దాచుకోండి.

ఇప్పుడు ఆంథోని డ్యూటీ దిగినాక ఆ దారినే వస్తడు. ఇసుక కాడ బండి దిగుతడు. చేనులోంచి "ఎవర్రా అది?" అని రాంగనే, "నేనే పెద్దమ్మా" అంటడు. మైకు దాని తిట్లు అది తిట్టుకుంటది, ఈయన దారి ఈయన పడతడు.

నిన్న కూడా అట్లనే అన్నడట.

ఎప్పటి తిట్లు రాలేదట. అదే గొంతు...

"నువ్వా... మళ్లా రాయి వెయ్యకు."