రాణిగారి గొంతును మోసిన నీలవేణి

హేమగిరి రాజ్యానికి పెద్ద కష్టం వచ్చి పడింది. కరాళి అనే రాక్షసి యువరాజు మణికేతుణ్ణి ఎత్తుకుపోయి, మబ్బుకొండ శిఖరం మీది గుహలో మంత్రనిద్రలో పడుకోబెట్టింది. కన్నతల్లి పేరు పెట్టి పిలిస్తే తప్ప అతడు కళ్లు తెరవడు. మహారాణి సుభద్రాదేవికేమో కాళ్లు చచ్చుబడి, మంచం దిగలేని స్థితి. ఆ సంగతి తెలిసే రాక్షసి అలాంటి మంత్రం వేసింది.

ఆ నగరంలో కంచరి సోమాచారి, అతని కూతురు నీలవేణి ఉండేవారు. దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడే రేడియోలను ఇద్దరూ సొంతంగా తయారుచేసేవారు. నీలవేణి రాణి దగ్గరికి వెళ్లింది.

"మహారాణీ, మా పెద్ద రేడియో తెచ్చి నాన్న మీ పక్కనే కూర్చుంటాడు. నా రేడియో తీసుకుని నేను కొండెక్కుతాను. మీ గొంతు అక్కడ వినిపిస్తాను" అంది.

అది మాటలు చెప్పినంత తేలిక కాదు. ఆమె రేడియో బల్ల నిండా తీగలతో పరుచుకుని ఉండేది. దాన్నంతా విప్పి, అక్కర్లేనివి తీసేసి, చిన్న టేకు పెట్టెలో ఇమిడేలా మళ్లీ కట్టింది. బ్యాటరీ కదలకుండా తోలుపట్టీతో బిగించింది. పెట్టె సందులకు లక్క, మైనం పూసింది. అంతటితో ఊరుకోక, దాన్ని వీపున కట్టుకుని రాళ్లబాట మీద పరుగెత్తి చూసింది. రేడియో మూగబోయింది! లోపల ఒక అతుకు ఊడింది. ఓపిగ్గా దాన్ని మళ్లీ అతికి, మళ్లీ పరుగెత్తింది. ఈసారి పలికింది. ఎంత శ్రద్ధో చూశారా, పిల్లలూ!

అడవి అంచున ఒక ముని ఎదురయ్యాడు. "ఆ బరువు నాకిచ్చెయ్యి తల్లీ. బదులుగా మాయఖడ్గం ఇస్తాను" అన్నాడు.

"ఖడ్గంతో రాక్షసిని చంపగలనేమో గాని, నిద్రపోయినవాణ్ణి లేపలేను కదా స్వామీ!"

ముని నవ్వాడు. "నిన్ను పరీక్షించాను. ముందు ఏరు వస్తుంది. అక్కడి ముసలి మొసలిని అడుగు, దాటిస్తుంది" అని దారి చూపాడు.

మొసలి ఆమెను ఎగాదిగా చూసింది. "దాటిస్తాను గాని, నేను నీళ్ల అడుగునే ఈదుతాను. ఊపిరి బిగబట్టగలవా?"

"బిగబడతాను తాతా. నా పెట్టె కూడా బిగబడుతుంది!"

అవతలి గట్టున వణుకుతూనే మూత తీసి చూసింది. లోపల చుక్క తడి లేదు.

తీరా శిఖరం చేరితే అంతా నున్నటి బండ. ఒక్క చెట్టూ లేదు. ఏరియల్ తీగను ఎత్తున కట్టకపోతే అంత దూరానికి రేడియో పలకదు. అంతలో గుహలోంచి తాటిచెట్టంత కరాళి బయటికి వచ్చింది.

"ఎవతెవే నువ్వు?" అని గర్జించింది.

ఆ ఎత్తు చూడగానే నీలవేణికి ఉపాయం తట్టింది. "నువ్వు మబ్బును అందుకోలేవని మా ఊళ్లో అంటున్నారు. నిజమేనా?"

"ఏ నోరు కూసిందే ఆ మాట?"

"అయితే ఈ పట్టుతాడు పట్టుకుని చెయ్యెత్తు. కొలుస్తాను."

కరాళి రోషంగా చెయ్యెత్తింది. పట్టుతాడుకు ముందే కట్టి తెచ్చిన ఏరియల్ తీగ కూడా పైకి లేచింది. నీలవేణి గబగబా మీట తిప్పింది.

"నాన్నా, వినిపిస్తోందా?"

గరగరమన్న మోత నడుమ సోమాచారి గొంతు వచ్చింది. "వినిపిస్తోందమ్మా! ఇదిగో, మహారాణిగారు!"

"నాయనా మణికేతూ! లేవరా కన్నా!"

ఆ పిలుపు గుహంతా మారుమోగింది. కరాళి ఉలిక్కిపడి చెయ్యి దించేలోపే యువరాజు లేచి కూర్చున్నాడు. మంత్రం చెదిరింది. రాక్షసి పొగై గాలిలో కలిసిపోయింది, తీగ నేల మీద పడింది. జరిగినదంతా విన్న మణికేతుడు తానే తాడు పట్టుకుని గుహ నెత్తికెక్కాడు. "అమ్మా! లేచానమ్మా!" అని ఎలుగెత్తి అరిచాడు. అవతల రాణి ఏడుస్తూ నవ్వడం ఇద్దరికీ వినిపించింది.

నగరం చేరాక యువరాజు నీలవేణిని పెళ్లాడతానన్నాడు. "రాజ్యంలో ప్రతి కొండ మీదా ఒక రేడియో పెట్టాక చెబుతాను" అందామె. అతడు పెట్టెలు మోస్తూ ఆమె వెంట కొండకొండా ఎక్కాడు. చివరి కొండ మీద రేడియో అమర్చి, నీలవేణి మీట నొక్కింది. "అందరూ వింటున్నారా? యువరాజుగారూ, నాకు ఇష్టమే" అంది.

పక్కనే ఉన్న మణికేతుడు నోరు తెరిచేలోపే, అన్ని కొండల మీది నుంచీ జనం జేజేలు ఆ పెట్టెలో మోగిపోయాయి.