గోడ రేడియో

"కాస్త నిశ్శబ్దంగా ఉండాలి అధ్యక్షా. మీరు కాదు, సభ్యులు," అంది డాక్టర్ రఫత్, సభామందిరంలో ఎడమవైపు స్తంభానికి ఇటుకంత పెట్టె ఒకదాన్ని అంటిస్తూ.

పార్లమెంటులో నిశ్శబ్దమట! పాపం, ఆవిడ శాస్త్రవేత్త, లోకం తెలియని మనిషి. అధికారపక్షం బల్లలు చరుస్తోంది, ప్రతిపక్షం కాగితాలు ఎగరేస్తోంది, స్పీకర్ గంట కొట్టీ కొట్టీ చేతులెత్తేశాడు. ఆ గోలలో నాగరత్నం ఒక్కతే కదలకుండా పెట్టెవైపు చూస్తూ కూర్చుంది. అది పలికితే ఆమె ఆసుపత్రి బతుకుతుంది. పలక్కపోతే సాయంత్రానికి బిల్లు పాసవుతుంది, ఆ వెనకే బుల్డోజర్లు వస్తాయి.

ఇది ఏ దేశం, ఏ రాజధాని అని నన్నడక్కండి. రాబోయే కాలం సంగతి కాబట్టి ఎవరికి వాళ్ళు మాది కాదులే అనుకుని హాయిగా చదువుకోవచ్చు. ఆ నగరంలో మిగిలిన పాత కట్టడాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. పార్లమెంటు, మంత్రుల అతిథిగృహం, పోలీసుల ప్రధాన కార్యాలయం, పాతబస్తీలో పురిటాసుపత్రి, అలాంటివే మరికొన్ని. అన్నీ స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సున్నంతో కట్టినవి. వాటన్నిటినీ పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సులు లేపాలని జయచంద్ర అనే మంత్రి బిల్లు తెచ్చాడు. పార్లమెంటు ఉన్న చోట కూడా ఒక టవర్ లేస్తుందట, కింద బట్టల షాపులు, పైన ప్రజాస్వామ్యం.

నాగరత్నం పాతబస్తీ సభ్యురాలు. ఆమెని, ఆమె తల్లిని, ఆమె ఇద్దరు పిల్లల్ని భూమ్మీద పడేసింది ఆ పురిటాసుపత్రే. చుట్టుపక్కల బస్తీల ఆడవాళ్ళకి నొప్పులొస్తే ఆటో ఎక్కి వెళ్ళడానికి ఇప్పటికీ అదొక్కటే దిక్కు. అందుకే బిల్లు పెట్టిన రోజే ఆమె ఒంటికాలి మీద లేచింది. "నేను బతికుండగా ఆ ఆసుపత్రి మీద చెయ్యి పడనివ్వను అధ్యక్షా," అని ముఖాన చెప్పేసింది.

జయచంద్ర చిరునవ్వు నవ్వాడు. "గౌరవ సభ్యురాలికి ఇటుకల మీద ఇంత ప్రేమేమిటో. అది ఉత్త సున్నం. దానికేమన్నా మాటా పలుకా?"

"ఉంది," అంది నాగరత్నం. "మనిషిని తీసుకొస్తాను, మీరే విందురుగాని."

మంత్రి ఎగతాళికి సరేనన్నాడు. స్పీకర్ అనుమతిచ్చాడు. అలా వచ్చింది రఫత్ ఆ స్తంభం దగ్గరికి.

యంత్రం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, బెదిరిపోకండి. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ మెల్లగా రాయిగా మారుతుంది. వెల్ల వేశాక అది పూర్తిగా రాయి కావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో దగ్గర్లో ఎవరు నోరు విప్పినా, ఆ శబ్దానికి లోపలి స్ఫటికాలు వెంట్రుకవాసి అటో ఇటో ఒరిగి, అలాగే బిగుసుకుపోతాయి. మళ్ళీ ఏడు మళ్ళీ వెల్ల, దాని మీద ఇంకో పొర. రఫత్ పెట్టెలోని లేజర్ ఆ పొరల్ని ఒక్కొక్కటే చదివి, ఆ మాటల్ని పైకి వినిపిస్తుంది. సిమెంటుకీ పెయింటుకీ ఈ గుణం లేదు. ఆవిడ దానికి పెద్ద ఇంగ్లీషు పేరే పెట్టుకుంది గానీ, లాబొరేటరీలో అందరూ గోడ రేడియో అనేవాళ్ళు.

"వెల్ల బాగా మందంగా ఉన్నచోటు చూసి పెట్టాను," అంది రఫత్. "దేశ స్థాపకుల తొలి ప్రసంగం దొరకొచ్చు."

పెట్టెలో కాసేపు గరగర. ఆ తర్వాత ఒక గుసగుస, చెవిలో చెప్పినంత స్పష్టంగా.

"పురిటాసుపత్రి స్థలం మా బావమరిది పేరు మీద వద్దయ్యా. వాడి డ్రైవరు పేరు మీద పెట్టించు."

అది జయచంద్ర గొంతు. సభంతా బిక్కచచ్చిపోయింది. వెంటనే ఇంకో గుసగుస, అది ప్రతిపక్ష నాయకుడిది. "సరే, ఓటింగప్పుడు మేం వాకౌట్ చేస్తాం. మరి మాకేంటి?"

జరిగిందేమిటంటే, ఆ సభలో ప్రతి బల్లకీ మైకుంది, ప్రతి మైకూ అన్నీ వింటుంది. అందుకని రహస్యం మాట్లాడుకోవాలంటే సభ్యులు తరతరాలుగా ఎడమ స్తంభం చాటుకి వెళ్ళి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గోడలోకి మాట్లాడేవారు. మైకులకి అందదని వాళ్ళ ధీమా. ఈ ఆనవాయితీ రఫత్‌కి ఎవరూ చెప్పలేదు.

"ఆ మాటలు రికార్డుల నుంచి తొలగిస్తున్నాను," అన్నాడు స్పీకర్ అలవాటు కొద్దీ.

"కుదరదండీ," అంది రఫత్ అమాయకంగా. "అవి గట్టిపడిపోయాయి."

టీవీ ప్రసారం ఆపేశారు, సభ వాయిదా వేశారు. నాగరత్నానికి మాత్రం నెత్తిన పాలు పోసినట్టయింది.

మధ్యాహ్నం సభ మొదలవగానే జయచంద్ర లేచాడు. గొంతు గద్గదమైపోయింది మహానుభావుడికి. "అధ్యక్షా, ఈ గోడల్లో మన పూర్వీకుల చెమట ఉంది. పడగొడితే ఆ పెచ్చులు ఎవరి చేతుల్లో పడతాయో! అందుచేత చారిత్రక కట్టడాల్లోంచి ఒక్క సున్నపు పెచ్చు కూడా బయటికి పోకుండా సీలు వేసి, ఏ మనిషీ లోపలికి అడుగు పెట్టకుండా, శాశ్వతంగా కాపాడాలని ప్రతిపాదిస్తున్నాను. సభ గాజు భవనంలోకి మారుతుంది."

పొద్దున పడగొడతానన్న పెద్దమనిషే. రెండు పక్షాలూ కలిసి బల్లలు చరచడం ఆ సభ పుట్టాక అదే మొదటిసారి. గెలిచామన్న సంబరంలో నాగరత్నం కూడా చెయ్యెత్తింది. సీలు అన్న మాట ఆమె చెవిన పడింది గానీ, మనసుకి ఎక్కలేదు. చట్టం ఏకగ్రీవంగా పాసైంది.

ఆ తర్వాత భవనాల పేర్లు చదివారు. పార్లమెంటు ఉంది, అతిథిగృహం ఉంది, పోలీసు కార్యాలయం ఉంది. పురిటాసుపత్రి లేదు.

"మరి మా ఆసుపత్రో?" అని అరిచింది నాగరత్నం.

"దానికి చారిత్రక ప్రాధాన్యం లేదని నిపుణులు తేల్చారమ్మా," అన్నాడు జయచంద్ర చల్లగా. "అక్కడ కాంప్లెక్స్ వస్తుంది."

ఆమెకి ఆ తేడా ఎందుకో అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈ మగమహారాజులెవరూ ఆ గోడ దగ్గర నిలబడి గుసగుసలాడలేదు. పాపం చేసిన గోడలన్నీ బతికాయి, ఏ పాపమూ ఎరగని గోడ కూలిపోతోంది. ఎంత న్యాయమో చూశారా.

మర్నాడు రఫత్‌ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. పెట్టెను కాన్పుల గది గోడకి పెట్టారు. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళ కేకలు, "ఇంకొక్కసారి ముక్కు తల్లీ, అయిపోయింది," అంటున్న ఆయా గొంతు, కొత్తగా పుట్టిన బిడ్డ ఏడుపు. "ఆడపిల్లే, అయితేనేం, జుట్టు చూడు ఎంతుందో," అని ఎవరో ముసలమ్మ మురిసిపోతోంది. నాగరత్నం గోడకి చెయ్యి ఆనించి ఏడ్చేసింది. తన తల్లి కేక కూడా అందులో ఎక్కడో ఉండే ఉంటుంది.

కళ్ళు తుడుచుకుని, "దీనికి ఎవడూ భయపడడు," అంది. "డాక్టరమ్మా, ఒక్క చిన్న అబద్ధం. మంత్రి గొంతు ఇక్కడా దొరికిందని చెప్పండి చాలు."

"చెప్పలేను నాగరత్నంగారూ. లేనిది ఒకసారి ఉందన్నానంటే, రేపు ఉన్నదాన్ని కూడా లేదంటారు."

నాగరత్నానికి ఒళ్ళు మండింది. కానీ ఆ మాట కాదనలేకపోయింది. కాసేపు అటూ ఇటూ తిరిగి ఆగింది. "ఇప్పుడు వెల్ల వేస్తే?"

"తడి ఆరకముందే పట్టుకోవడం మొదలుపెడుతుంది. గట్టిపడేదాకా నెలల తరబడి పట్టుకుంటూనే ఉంటుంది."

"నిజాలు చెబితే మీకు అభ్యంతరం లేదు కదా?"

"నిజాలకి నాకెందుకు అభ్యంతరం?" అంది రఫత్.

ఆ పూటే సున్నం నీళ్ళు కలిపారు. నాగరత్నం కొంగు బిగించి తనే కుంచె పట్టింది. వరండా గోడ పొడవునా వెల్ల పడింది. మొదట ఒకామె వచ్చి, మంత్రిగారి కాన్వాయ్ పోవాలని తన ఆటోని ఎండలో ఆపేసిన ఇన్‌స్పెక్టర్ పేరు గోడకి చెప్పింది. అతని వల్ల ఆమె బిడ్డ దక్కలేదు. ఇంకొకామె అతిథిగృహంలో వంట చేస్తుంది, ఆమె దగ్గర చాలా కబుర్లున్నాయి. డ్రైవరు భార్య చంటిబిడ్డని చంకనేసుకుని వచ్చింది. "కాగితాల్లో పేరు మా ఆయనదే. ఆ స్థలం ఎవరిదో మాకు తెలీదు, సంతకం పెట్టకపోతే ఉద్యోగం తీసేస్తామన్నారు," అని తడి గోడకి చెప్పి వెళ్ళిపోయింది. ఈ కబురు ఊరంతా గుప్పుమంది. ఇక ఆడవాళ్ళు వీధి చివరిదాకా వరస కట్టారు. ఇన్నాళ్ళూ వాళ్ళ మాట వినడానికి ఎవరున్నారు గనక.

జయచంద్రకి ఈ సంగతి తెలిసింది. రెండో రోజుకల్లా అధికారి ఒకాయన పోలీసుల్ని వెంటేసుకుని జీపు దిగి, ఉత్తర్వు చదివాడు. పాతబస్తీ పురిటాసుపత్రిని జాతీయ చారిత్రక సంపదగా ప్రభుత్వం గుర్తించింది.

నాగరత్నం రఫత్‌ని గట్టిగా కావలించుకుంది. అంతలో పోలీసులు మంచాల్ని బయటికి మోయడం కనిపించింది. బాలింతలు బిడ్డల్ని పొదువుకుని ఆవరణలో ఎండలో నిలబడుతున్నారు. తలుపుకి గొలుసు, గొలుసుకి లక్క పడ్డాయి.

"ఏమిటిదంతా?" అంది నాగరత్నం.

"చారిత్రక సంపద కదా మేడమ్, ఎవరూ లోపలికి పోకూడదు. మీరు కూడా చెయ్యెత్తిన చట్టమే," అన్నాడు అధికారి వినయంగా.

రఫత్ మెట్ల మీద కూలబడి, "నా యంత్రం వల్లే వచ్చింది ఇదంతా," అని తల పట్టుకుంది.

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. అందులో ఒక పిల్ల నొప్పులతో మెలికలు తిరుగుతోంది, పక్కన తల్లి బిత్తరచూపులు చూస్తోంది. "ఎక్కడికి తీసుకుపోవాలమ్మా?" అని అడిగింది. చెప్పడానికి ఇంకో చోటు ఆ బస్తీలో లేదు.

నాగరత్నం మెట్లు దిగి, తోటపని గడ్డపార అందుకుని, మళ్ళీ మెట్లెక్కింది.

"వద్దు మేడమ్. సీలు పగలగొడితే జాతీయ సంపదని ధ్వంసం చేసినట్టే. సభ్యత్వం పోతుంది, జైలు తప్పదు," అన్నాడు అధికారి.

"పోతే పోయింది. కూలగొట్టొద్దని అడిగాను గానీ, పాతిపెట్టమని అడిగానా?" అంటూ గడ్డపార గొలుసులోకి దూర్చి ఒక్క ఊపు ఊపింది. లక్క పెచ్చులుగా రాలింది. రెండో ఊపుకి గొలుసు తెగింది.

పోలీసులు అధికారి వైపు తిరిగారు. "ఏం చెయ్యమంటారు సార్?"

ఆయన నోరు తెరిచాడు. ఆ నోటికి మూరెడు దూరంలో వరండా గోడ తెల్లగా మెరుస్తోంది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. చేత్తో ఏదో సైగ చేశాడు.

"అర్థం కాలేదు సార్. నోటితో చెప్పండి," అన్నాడు పోలీసు.

"చెప్పండి, గట్టిగా చెప్పండి," అంది నాగరత్నం. "నొప్పులు పడుతున్న పిల్లని లోపలికి పోనివ్వొద్దని మీ పేరు, మీ హోదా, మీకు చెప్పిన మంత్రి పేరు, అన్నీ కలిపి చెప్పండి. వెల్ల ఇంకా గట్టిపడలేదు."

ఆయన పెదాలు కదిలాయి గానీ, మాట మాత్రం బయటికి రాలేదు. నాగరత్నం ఆయన్ని భుజంతో పక్కకి తోసి, తలుపులు బార్లా తెరిచి, ఆ పిల్లని నడిపించుకుంటూ లోపలికి తీసుకుపోయింది.