మూడు మీటర్ల అబద్ధం

"పదింటికి నేల లోతు మీద కమిటీ సంతకం. ఇప్పుడు ఏడున్నర," అన్నాడు చీఫ్ రంగ్‌కాప్, పలంకరాయా నేలల నిఘా శాఖ ఆఫీసు తలుపు గడియ పెట్టి. "ల్యాబ్ నుంచి మన మట్టి ట్యూబులు పన్నెండూ మాయం. కొట్టేసింది విదేశీ ముఠా మనిషి, సెల్వియానా. రివర్ హోటల్, గది 214. తెచ్చెయ్ తల్లీ."

ఏజెంట్ యూనీకి అంతకంటే చెప్పనక్కర్లేదు. ఆ మట్టి ఆమె పుట్టిన తుంబాంగ్ రువాయ్‌ది. ఊరి వెనక చిత్తడి అడవిలో ఆకూ కొమ్మా పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకున్న నల్లటి పీట్ నేల. లోతు, సాంద్రత, కార్బన్ శాతం తెలిస్తే, విస్తీర్ణంతో గుణించి అడుగున ఎంత కార్బన్ దాగుందో చెప్పేయవచ్చు. లోతు మూడు మీటర్లు దాటితే చట్టం ఎవరినీ ముట్టుకోనివ్వదు. దాటలేదంటే తోటలు వేయడానికి ముఠా కాలువలు తవ్వుతుంది, నీరు దిగిపోతుంది, ఎండిన నేల అంటుకుంటుంది. పక్క ఊళ్లో అలాగే అంటుకుంది. ఆ పొగలోనే యూనీ తల్లి ఊపిరాడక పోయింది.

ఎనిమిదింపావుకి లాండ్రీ మనిషి వేషంలో, మత్తుమందు చిమ్మే పెన్నుతో యూనీ 214లో దూరింది. సెల్వియానా ఎర్రటి పట్టు గౌనులో ట్యూబుల పెట్టె మీదే కూర్చుని అరటిపండు బజ్జీ తింటోంది.

"చేతులెత్తు!"

"ఎత్తితే బజ్జీ ఎవరు తింటారే? పెట్టె నీదే, పట్టుకుపో. కాకపోతే ఒకసారి తెరిచి చూసుకో."

"నువ్వు ముఠా దానివి."

"అని ముఠా అనుకుంటోంది. నేను పనిచేసేది జకార్తాలోని మన హెడ్ ఆఫీసుకి. పోనీ, నన్ను నమ్మకు. నీ ముక్కును నమ్ము."

యూనీ ఒక ట్యూబు తెరిచింది. లేబుల్ మీద తుంబాంగ్ రువాయ్, లోతు రెండు మీటర్ల ఎనభై. కొసన బూడిదరంగు బంకమన్ను. గుప్పున కుళ్లిన గుడ్ల కంపు.

తుంబాంగ్ రువాయ్‌లో పీట్ అడుగున ఉండేది తెల్ల ఇసుక. ఈ బంకమన్ను, ఈ కంపు ఒకప్పుడు సముద్రం నిలిచిన చోటే ఉంటాయి. నది దిగువన చీఫ్ ఇంటి పెరడు అలాంటిదే. ఆ ఇంట్లో పదేళ్లు చేపల పులుసు తింది. "బావి నీళ్లు కంపు బాబాయ్" అని తిన్న ప్రతిసారీ వెక్కిరించింది.

"అసలు ట్యూబులు?"

"మీ చీఫే నదిలో కలిపేసి, ఈ మట్టి ముఠా చేతికిచ్చాడు. ముఠా తెచ్చిన మట్టిని కమిటీ నమ్మదుగా. అదే నువ్వు ప్రాణాలకు తెగించి ముఠా దగ్గర్నుంచి లాక్కొచ్చావంటే కళ్లు మూసుకుని సంతకం పెడుతుంది."

తల్లి శవపేటిక మోసిన వాళ్లలో ముందున్నది బాబాయే. ఇప్పుడు ఊరి చావు తన చేతే మోయిస్తున్నాడు. యూనీకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

తొమ్మిది యాభై తొమ్మిదికి సమావేశం హాలు తలుపు తోసింది. ఆమె చేతిలో పెట్టె చూడగానే కమిటీ అధ్యక్షురాలు పెన్ను కాగితం మీద ఆనించింది. పక్కనే చీఫ్ చిరునవ్వు. యూనీ బంకమన్ను ముద్ద తీసి ఆ కాగితం మీదే పెట్టింది. అందరూ ముక్కులు మూసుకున్నారు.

"ఇది తుంబాంగ్ రువాయ్ మట్టి కాదు మేడమ్."

"మా పీట్ కింద ఉండేది ఇసుకేనమ్మా," అన్నాడు వెనక వరసలోంచి ఊరి పెద్ద. "ఉప్పులాగా తెల్లగా ఉంటుంది."

"పిల్ల బాగా అలిసిపోయింది," అన్నాడు చీఫ్.

"అయితే పోయి కొలుద్దాం. పడవలో రెండు గంటలేగా?" అంది యూనీ.

అధ్యక్షురాలు పెన్ను మూసేసింది.

మధ్యాహ్నం అందరూ మోకాళ్ల లోతు నల్లనీళ్లలో నిలబడ్డారు. రేపు ఎవరూ పేచీ పెట్టకుండా కొలత రంగ్‌కాప్ చేతే వేయించింది అధ్యక్షురాలు. వెనకే ఇద్దరు పోలీసులు. మీటరు రాడ్డు దించడం, దానికి ఇంకోటి బిగించడం. మూడోది సులువుగా దిగిపోయింది. నాలుగు. అయిదు.

"ఎందుకు బాబాయ్?"

"మొదట్లో ఒక్క చిన్న కొలతే మార్చాను తల్లీ. ఆ తర్వాత వాళ్లు నన్ను వదల్లేదు."

"ఆ మొదటిది ఎక్కడ?"

ఆయన ఆరో రాడ్డు బిగించాడు.

"పక్క ఊరిదేనా? మా అమ్మ పోయిన పొగ... అదేనా?"

ఏడో రాడ్డు బిగించడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఎనిమిదోది సగం దిగకముందే కరకరమని ఆగింది. పైకి లాగితే కొసన తెల్ల ఇసుక. ఏడు మీటర్ల నలభై.

బేడీలు బయటికి తీసిన పోలీసును యూనీ చేత్తో ఆపింది. కొత్త నివేదిక చెల్లాలంటే అయిదింటికి ఆఫీసు మూసేలోగా శాఖ చీఫ్ సంతకం ఉండాలి. కాగితం, పెన్ను ఆయన ముందు పెట్టింది.

"సంతకం పెట్టు బాబాయ్. సాయంత్రం అయిదింటిదాకా నా చీఫ్‌వి నువ్వే."