వేసవి గుండు

బాధ రావలసిన రోజున రాకపోతే ఆ తర్వాత ఎప్పుడో ఒకప్పుడు వస్తుందా, లేక దారి తప్పి ఇంకెవరింటికో వెళ్లిపోతుందా అని ఆలోచిస్తూ పద్మనాభం పాలు పొంగిపోవడం చూశాడు. చూశాడే గాని స్టవ్ కట్టలేదు. హారిక వచ్చి కట్టేసి, గట్టు తుడిచి వెళ్లిపోయింది. కుక్క సంగతి బయటపడ్డ దగ్గర్నుంచీ ఆమె తండ్రితో మాట్లాడడం లేదు.

భార్య దుర్గాంబ చలికాలంలో పోయింది. ఇప్పుడు మే నెల. కర్మలన్నీ లోటు లేకుండా జరిపించాడు పద్మనాభం. సెలవు అయిపోగానే ఆఫీసులో చేరాడు. వసంత్ కుంజ్ తెలుగువాళ్లు పరామర్శకు వచ్చి గట్టి మనిషన్నారు. గట్టితనం కాదని ఆయనకు తెలుసు. పన్ను పీకే ముందు సూది మందు ఇస్తే చెంప మనది కానట్టుంటుంది. నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, అంతే. ఆయనకు అన్నీ అలాగే ఉన్నాయి.

ఇంట్లో మిగిలింది తను, కూతురు, బర్ఫీ. బర్ఫీ తెల్లటి పొమెరేనియన్. దుర్గాంబ పొద్దున్నే బాల్కనీలో పీట వేసుకుని దాన్ని ఒళ్లో పెట్టుకుని దువ్వేది. దువ్వుతూ మేడమీదివాళ్ల గొడవలన్నీ దానికే చెప్పేది. ఆవిడ పోయాక దువ్వేవాళ్లు లేక బొచ్చు ఉండలు కట్టింది. హారిక నెహ్రూ ప్లేస్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది. చీకటి పడితే గాని ఇల్లు చేరదు. తనతో పనిచేసే వైశాలికి నోయిడాలో లాన్ ఉన్న ఇల్లుందని, బర్ఫీని ఆదివారం తీసుకుపోతుందని చెప్పినప్పుడు పద్మనాభం సరే అన్నాడు. ఆయన ఈమధ్య దేనికైనా సరే అనేవాడు.

ఆ వారంలోనే ఒక సెలవు రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. కూలర్ ఆగిపోయింది. బర్ఫీ బాత్‌రూమ్ గచ్చు మీద పడుకుని నాలుక వేలాడేసి వగరుస్తోంది. దాన్ని చూస్తుంటే రేపల్లెలో తన చిన్నతనం గుర్తొచ్చింది. ఎండలు ముదరగానే అమ్మ గుండు చేయించి, తలంతా గంధం పూసేది. ఒంట్లో వేడంతా దిగిపోయేది. ఎన్నో నెలల తర్వాత పద్మనాభానికి ఏదో ఒక పని చెయ్యాలనిపించింది. బర్ఫీని చంకన పెట్టుకుని మార్కెట్ పక్కనున్న మంగలి దగ్గరికి వెళ్లాడు. అతను నవ్వాడు, తర్వాత జీరో మెషిన్ పెట్టి బొచ్చంతా తీసేశాడు. ఇంటికొచ్చి దేవుడి దగ్గరున్న సాన మీద గంధం అరగదీసి దాని ఒంటికి పూశాడు పద్మనాభం. మర్నాడు ఎప్పటిలాగే బాల్కనీలో వదిలి ఆఫీసుకు వెళ్లాడు. సాయంత్రానికి ఎండకు చర్మం ఎర్రగా కాలిపోయింది. హారిక డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. తిరిగొచ్చాక బర్ఫీ దుర్గాంబ మంచం కింద దూరింది. అన్నం, నీళ్లు కూడా అక్కడికే.

ఇవాళ ఆదివారం. వైశాలి వచ్చే వేళవుతోంది. హారిక కుక్క గిన్నె, దువ్వెన ఒక సంచిలో సర్దుతోంది. దువ్వెన పట్టుకుని ఆగిపోయింది.

"డాక్టరు ఏమన్నాడో మీరు అడగనేలేదు" అంది, తల ఎత్తకుండా. "ఆ బొచ్చే దానికి గొడుగట. మళ్లీ మునుపటిలా వస్తుందో రాదో చెప్పలేనన్నాడు."

"చల్లగా ఉంటుందనుకున్నానమ్మా."

"అమ్మ దువ్విన వెంట్రుకలు నాన్నా అవి. ఆఖరిసారి అమ్మ చెయ్యి పడినవి. ఆ మంగలి భయ్యా ఊడ్చి మురికి నాలాలో పారేసుంటాడు."

పద్మనాభం సంచిలోంచి జారిన గిన్నెను తీసి లోపల పెట్టాడు.

"ఒక్కసారైనా ఏడ్చారా మీరు?"

"లేదు" అన్నాడు, ఆఫీసులో ఎవరో ఫైలు వచ్చిందా అని అడిగితే చెప్పినట్టు.

"అందుకే పంపించేస్తున్నా. ఈ ఇంట్లో మీతో ఉండడం నాకే కష్టంగా ఉంది. నోరు లేనిది, అదెలా ఉంటుంది?"

ఆ మాట తగిలిందని ఆయనకు తెలిసింది. ఎక్కడ తగిలిందో తెలియలేదు.

దువ్వెన సంచిలో పెట్టి హారికే మళ్లీ అడిగింది. "ఒంటికి ఆ పచ్చటిదేమిటని అడిగాడు డాక్టరు. ఏం పూశారు?"

"గంధం. గుండు చేయించిన రోజున మా అమ్మ నాకు పూసేది."

హారిక తండ్రి వైపు చూసింది. అంతలో బెల్ మోగింది.

వైశాలి మూత ఉన్న వెదురుబుట్ట తెచ్చింది. నమస్తే అంకుల్ అని, బర్ఫీ ఎక్కడని హిందీలో అడిగింది. ముగ్గురూ మంచం దగ్గరికి వెళ్లారు. వైశాలి బిస్కట్ చూపించి పిలిచింది. హారిక గొంతు మార్చి బుజ్జగించింది. గోడ వారగా నక్కినది కదల్లేదు.

"మీ చెయ్యి పొడుగు నాన్నా. మీరే తియ్యండి" అంది హారిక.

పద్మనాభం బోర్లా పడుకుని మంచం కింద చెయ్యి చాపాడు. వేళ్లకు మొదట దుమ్ము తగిలింది, తర్వాత వెచ్చటి చర్మం. బొచ్చు లేని బర్ఫీ ఇంత చిన్నదని ఆయనకెప్పుడూ తెలియదు. పక్కటెముకల వెనక గుండె దడదడా కొట్టుకుంటోంది. బర్ఫీ వెనక్కి జరగలేదు. నెమ్మదిగా గడ్డం తెచ్చి ఆయన మణికట్టు మీద ఆన్చింది. ఆ బరువు ఏమంత కాదు. చెంప కింద గచ్చు తడిగా ఉంది. ఎవరు నీళ్లు ఒలకబోశారా అనుకున్నాడు.

"దొరికిందా?" హారిక పక్కన చతికిలబడి వంగి చూసింది. ఆయన మొహం చూసింది.

"ఆ అమ్మాయికి చెప్పు, హారికా. ఇవ్వడం లేదని చెప్పు."

హారిక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వైశాలి బుట్ట తీసుకుని, చప్పుడు చెయ్యకుండా ముందు గదిలోకి తప్పుకుంది.

పద్మనాభం రెండో చేత్తో తడుముకుని కూతురి చెయ్యి అందుకున్నాడు. దాన్ని మంచం కిందికి తీసుకెళ్లి, కొట్టుకుంటున్న ఆ గుండె మీద పెట్టాడు.